ఇంట్లో సైడ్‌కార్: బ్రాందీ, నారింజ లిక్యూర్, నిమ్మరసాలను సరైన పాళ్ళలో కలపడం

సైడ్‌కార్ అనే కాక్‌టెయిల్‌లో ఉండేవి మూడే పదార్థాలు. ద్రాక్షతో చేసిన బ్రాందీ, నారింజ తొక్క సువాసన పట్టించిన లిక్యూర్, అప్పటికప్పుడు పిండిన నిమ్మరసం. వీటిని ఐసుతో గిలక్కొట్టి, వడగట్టి, చల్లని గ్లాసులో పోస్తే పని పూర్తవుతుంది. ఇంత సులువైనది కాబట్టే ఇది తరచుగా పాడవుతుంది. పది దినుసులు వేసిన కూరలో ఒక దినుసు కాస్త తప్పినా మిగిలినవి కప్పిపుచ్చుతాయి గాని, మూడే ఉన్నచోట ఏ ఒక్కటి ఎక్కువైనా తక్కువైనా మొదటి గుక్కలోనే బయటపడుతుంది.

తెలుగు పాఠకుడికి మరొక చిక్కు కూడా ఉంది. ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో రాసిన కొలతల్లో నిమ్మ అంటే పసుపుపచ్చగా, కోలగా, మందమైన తొక్కతో ఉండే పెద్ద కాయ. మన బజారులో నిమ్మకాయ అని అడిగితే చేతికి వచ్చేది గుండ్రంగా, చిన్నగా, పలుచని తొక్కతో ఉండే కాగితపు నిమ్మ. ఈ రెండూ వేర్వేరు పండ్లు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న తెలుగువారికి మొదటిది దుకాణంలో సులువుగా దొరుకుతుంది. గూడూరులోనో తెనాలిలోనో ఉన్నవారికి రెండవది బస్తాలకొద్దీ దొరుకుతుంది. కొలతలను యథాతథంగా పాటించి, కాయను మాత్రం మార్చేస్తే వచ్చే పానీయం సైడ్‌కార్ కాదు, బ్రాందీ కలిసిన నిమ్మనీళ్ళు. అందుకే ఈ వ్యాసంలో కొలతలు చెప్పడంతో ఆగకుండా, చేతిలో ఉన్న కాయను బట్టి, సీసాను బట్టి ఆ కొలతలను ఎలా సవరించుకోవాలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఈ పానీయం ఎక్కడిది

సైడ్‌కార్ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి కాలానికి, పారిస్, లండన్ నగరాలకు చెందినది. 1922లో వెలువడిన రెండు బార్ పుస్తకాల్లో దీని తయారీ అచ్చయింది. రెండింటిలోనూ లండన్ బక్స్ క్లబ్బులో పనిచేసిన మెక్‌గ్యారీ అనే బార్‌టెండర్ పేరు కనిపిస్తుంది. ఒకదానిలో ఈ పానీయం ఫ్రాన్సులో ఎంతో ఆదరణ పొందిందనీ, లండనుకు దాన్ని పరిచయం చేసినది ఆయనేననీ ఉంది. పారిస్‌లో దొను వీధి 5వ నంబరులో ఇప్పటికీ నడుస్తున్న హ్యారీస్ న్యూయార్క్ బార్ కూడా ఈ పానీయం తనదేనని చెప్పుకుంటుంది. మోటారు సైకిలు పక్కన తగిలించే, సైడ్‌కార్ అని పిలిచే తొట్టెలో కూర్చుని బారుకు వచ్చే ఒక సైనికాధికారి కోసం దీన్ని కనిపెట్టారనే కథ బాగా ప్రచారంలో ఉంది. కథ అందంగానే ఉంది గాని, పేరు ఉంది కాబట్టి కథ పుట్టిందేమోనన్న అనుమానం నాకు తీరలేదు.

వంశవృక్షం మాత్రం ఇంకా పాతది. 1850ల ప్రాంతంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో జోసెఫ్ శాంటీని అనే బారు యజమాని బ్రాందీ, నారింజ లిక్యూర్, నిమ్మరసం కలిపి, గ్లాసు అంచుకు చక్కెర అద్ది, బ్రాందీ క్రస్టా అనే పానీయాన్ని ఇచ్చేవాడు. సైడ్‌కార్ గ్లాసు అంచున నేటికీ కనిపించే చక్కెర పట్టీ ఆ క్రస్టా నుంచి వచ్చిన వారసత్వమే. ఇదే చట్రంలో బ్రాందీ స్థానంలో టెకీలా, పసుపు నిమ్మ స్థానంలో కాగితపు నిమ్మ పెడితే మార్గరీటా అవుతుంది. జిన్ను పెడితే వైట్ లేడీ అవుతుంది. అంటే ఈ ఒక్కదాని తూకం చేతికి పట్టుబడితే ఒక కుటుంబమంతా పట్టుబడినట్లే.

పాళ్ళ విషయంలో మొదటి నుంచీ ఏకాభిప్రాయం లేదు. 1922 నాటి కొలత మూడింటినీ సమానంగా పొయ్యమంటుంది. 1930 నాటికి లండన్‌లోని సవాయ్ హోటల్ బార్ పద్ధతిలో బ్రాందీ రెండు పాళ్ళు, మిగిలినవి ఒక్కొక్క పాలు అయ్యాయి. 1948లో ఒక అమెరికన్ న్యాయవాది తన పుస్తకంలో ఎనిమిది పాళ్ళ బ్రాందీకి రెండు పాళ్ళ నిమ్మరసం, ఒకే ఒక పాలు లిక్యూర్ అన్నాడు. సమాన పాళ్ళది ఈనాటి నాలుకకు పుల్లగా, పలుచగా తోస్తుంది. న్యాయవాదిగారిది మొండిగా, ఎండిపోయినట్టు ఉంటుంది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం ప్రస్తుత కొలత 50 మి.లీ. కొన్యాక్ (ఫ్రెంచి బ్రాందీ), 20 మి.లీ. నారింజ లిక్యూర్, 20 మి.లీ. నిమ్మరసం. ఇంట్లో మొదలుపెట్టేవారు దీనికి దగ్గరగా ఉండటమే మేలు.

బ్రాందీ ఎంపిక

సైడ్‌కార్‌కు పుట్టింటి బ్రాందీ కొన్యాక్. ఫ్రాన్సులో షారంత్ నది పరిసరాల్లో, ముఖ్యంగా ఉన్యీ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష నుంచి పుల్లని వైను తీసి, దాన్ని రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ కర్ర పీపాల్లో కనీసం రెండేళ్ళు నిల్వ ఉంచితేనే ఆ పేరు పెట్టుకోవచ్చు. సీసా మీద వి.ఎస్. అని ఉంటే కనీసం రెండేళ్ళు, వి.ఎస్.ఓ.పి. అని ఉంటే నాలుగేళ్ళు, ఎక్స్.ఓ. అని ఉంటే 2018 నుంచి అమలైన నియమం ప్రకారం పదేళ్ళు పీపాలో గడిపిందని అర్థం. ఈ పానీయానికి వి.ఎస్. చాలు, వి.ఎస్.ఓ.పి. అయితే బాగుంటుంది. ఎక్స్.ఓ. పోయడం దండగ, పదేళ్ళలో పీపా నేర్పిన సున్నితమైన వాసనలను పుల్లని నిమ్మరసం ఒక్క క్షణంలో మింగేస్తుంది.

కొన్యాక్ ధర మన దేశంలో దిగుమతి సుంకం, రాష్ట్ర పన్నులు కలిసి భారీగా ఉంటుంది. దక్షిణ భారతంలో బ్రాందీకి కొదవ లేదు గదా, దానితోనే చేయకూడదా అన్న ప్రశ్న సహజం. చేయవచ్చు, కాని ఏమి కొంటున్నామో తెలుసుకుని చేయాలి. ఇక్కడ చవకగా దొరికే బ్రాందీల్లో చాలావాటికి ఆధారం ద్రాక్ష కాదు. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటుకు కొంత ద్రాక్ష స్పిరిటు, రంగు, సువాసనలు కలిపి తయారుచేస్తారు. అది తప్పుడు సరుకని కాదు, దాని స్వభావమే వేరు. లేబుల్ వెనుకవైపు చదివి, ద్రాక్ష బ్రాందీ అని స్పష్టంగా రాసి ఉన్న సీసాను ఎంచుకోండి. దేశంలోనే వైను నుంచి కాచి, పీపాల్లో నిల్వచేసిన బ్రాందీలు ఇప్పుడు దొరుకుతున్నాయి.

సీసా ఇంటికి వచ్చాక చిన్న పరీక్ష చేయాలి. 15 మి.లీ. బ్రాందీని గ్లాసులో పోసి, అంతే నీరు కలిపి, ఒక నిమిషం ఆగి వాసన చూడండి. ఎండుద్రాక్ష, కర్ర, కొద్దిగా పండిన పండ్ల వాసన వస్తే ఆ సీసా ఈ పనికి పనికివస్తుంది. పిప్పరమెంటు బిళ్ళలా కృత్రిమమైన తీపి వాసన గుప్పుమంటే దాన్ని మరొకందుకు వాడుకోవడం మంచిది, ఎందుకంటే నిమ్మ ఆ కృత్రిమత్వాన్ని దాచదు, ఎత్తి చూపుతుంది. మన సీసాల్లో ఆల్కహాలు సాధారణంగా 42.8 శాతం, కొన్యాక్‌లో 40 శాతం. ఈ తేడా కొలత మార్చవలసినంత పెద్దది కాదు.

నారింజ లిక్యూర్, అది దొరకనప్పుడు చేసుకునేది

ఈ పానీయంలో తీపి అంతా లిక్యూర్ నుంచే రావాలి. అందుకు ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో తయారయ్యే కువాంత్రో ప్రామాణికం. 1849లో ఆ కుటుంబం బట్టీ పెట్టింది. ఇప్పుడు మనకు తెలిసిన పారదర్శకమైన లిక్యూర్ 1875లో వచ్చింది. తీపి నారింజ, చేదు నారింజ తొక్కలు రెండూ వాడతారు, ఆల్కహాలు 40 శాతం, చక్కెర దాదాపు పావు వంతు. ఇదే తరహా లిక్యూర్లను ట్రిపుల్ సెక్ అనే పేరుతో చాలామంది తయారుచేస్తారు. వాటిలో చవకైనవి కొన్ని 15 నుంచి 25 శాతం ఆల్కహాలుతో, మరింత తీపిగా ఉంటాయి. అలాంటిది వాడితే పానీయం పలుచబడి, షర్బత్తు వైపు జారుతుంది. గ్రాండ్ మార్నియేలో కొన్యాక్ ముందే కలిసి ఉంటుంది కనుక రుచి నిండుగా, బరువుగా వస్తుంది. అది తప్పు కాదు, వేరే పానీయం అంతే.

ఊళ్ళో ఇవేవీ దొరకకపోతే ఇంట్లోనే ప్రత్యామ్నాయం చేసుకోవచ్చు. మూడు కమలాపండ్ల తొక్కలు, దొరికితే ఒక పుల్ల నారింజ తొక్క తీసుకోండి. పచ్చడికీ పులిహోరకూ పెరటి చెట్టు నుంచి కోసుకునే ఆ నారింజ చేదు నారింజ జాతికి చెందినదే, కాబట్టి అది ఉన్నవారి అదృష్టం. పండ్లను గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి, తొక్క లోపలి తెల్లని దూదిలాంటి పొరను చాకుతో వీలైనంత గీకేసి, పైపొరను సన్నగా చీల్చుకోండి. 100 గ్రాముల చక్కెర వేసి చేత్తో బాగా నలపాలి. మూతపెట్టి రాత్రంతా ఉంచితే తొక్కలోని నూనె చక్కెరలోకి దిగి, గిన్నెలో తడి ఊరి, గదంతా వాసన వస్తుంది. మర్నాడు 100 మి.లీ. వేడి నీళ్ళు పోసి, చక్కెర కరిగేదాకా తిప్పి, చల్లార్చి వడగట్టండి. పొయ్యి మీద మరిగించవద్దు. మరిగిస్తే తాజా వాసన పోయి మిఠాయి వాసన మిగులుతుంది. ఈ పాకంలోంచి 100 మి.లీ. కొలిచి, 100 మి.లీ. వోడ్కా కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు వాడుకోవచ్చు. దీని ఘాటు కువాంత్రోలో సగమే, తీపి కాస్త ఎక్కువ. ఆ సంగతి కొలతల దగ్గర గుర్తుంచుకోవాలి.

నిమ్మ సంగతి

పసుపు నిమ్మ రసంలోనూ, మన కాగితపు నిమ్మ రసంలోనూ ఆమ్లం సుమారు 6 శాతమే. అలాగైతే తేడా ఎందుకు తెలుస్తుంది? పసుపు నిమ్మలో పులుపు దాదాపు పూర్తిగా సిట్రిక్ ఆమ్లం వల్ల వస్తుంది. అది నాలుకను తాకి తొందరగా తేలిపోతుంది. కాగితపు నిమ్మలో దానికి తోడు మాలిక్ ఆమ్లం కూడా చెప్పుకోదగినంత ఉంటుంది. దాని పులుపు నోట్లో ఇంకాసేపు నిలుస్తుంది. పైగా కాగితపు నిమ్మకు ఒక రకమైన ఆకుపచ్చ వాసన, చివర సన్నని చేదు ఉంటాయి. మజ్జిగలోనూ, పులిహోరలోనూ మనం ఇష్టపడేది ఆ ఘాటునే. పీపాలో నిల్వ ఉన్న బ్రాందీతో కలిసినప్పుడు మాత్రం అది పెత్తనం చేస్తుంది. కాబట్టి పసుపు నిమ్మ దొరికితే దాన్నే వాడండి. పెద్ద ఊళ్ళలోని సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది. దొరకకపోతే బాగా పండి పసుపెక్కిన కాగితపు నిమ్మకాయలను ఏరుకుని, 20 మి.లీ.కు బదులు 15 మి.లీ. రసం తీసుకోండి. పండిన కాయలో ఆకుపచ్చ వాసన తగ్గి, రసం పెరుగుతుంది.

కాయ ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పిండకూడదు. కాసేపు బయట ఉంచి, అరచేతి కింద పెట్టి గట్టు మీద దొర్లిస్తే లోపలి తొనలు చితికి రసం బాగా వస్తుంది. అడ్డంగా కోసి, గింజలను చాకు మొనతో తీసేసి, ఒక్కసారి గట్టిగా పిండి ఆపేయాలి. చివరి చుక్క కోసం తొక్కను మెలిపెడితే చేదు దిగుతుంది, గింజ నలిగినా అంతే. పిండిన రసాన్ని టీ వడపోతలో వడగట్టి, కొలిచి వాడండి. రెండు మూడు గంటలు ఆగినా ఫరవాలేదు గాని, నిన్నటి రసం, సీసాల్లో అమ్మే రసం దీనికి పనికిరావు. చిన్న కాయలైతే ఒక గ్లాసుకు రెండు అవసరం కావచ్చు.

కొలతలు

నేను స్థిరపడిన కొలత ఒక గ్లాసుకు ఇది: బ్రాందీ 60 మి.లీ., నారింజ లిక్యూర్ 20 మి.లీ., పసుపు నిమ్మరసం 20 మి.లీ., చక్కెర పాకం 5 మి.లీ. పాకం అంటే సమాన బరువుల చక్కెర, నీరు వేడి చేసి కరిగించి చల్లార్చినది; తీగపాకం కాదు. సంప్రదాయ కొలతలో ఈ పాకం లేదు. ఎందుకు కలుపుతున్నానో లెక్క చూస్తే తెలుస్తుంది. 20 మి.లీ. కువాంత్రోలో దాదాపు 5 గ్రాముల చక్కెర, 20 మి.లీ. నిమ్మరసంలో 1.2 గ్రాముల ఆమ్లం ఉంటాయి. బాగా చల్లబడిన పానీయంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, అందుకే ఆ 5 గ్రాములు చాలవు. మరో 5 మి.లీ. పాకం 3 గ్రాముల చక్కెరను చేర్చి, పులుపుకు నడుం కడుతుంది. చారులో పులుపు కాస్త మీరితే చిటికెడు బెల్లం వేస్తాం. చారు తియ్యబడదు, పులుపు గుండ్రబడుతుంది. ఇక్కడా ఆ పనే జరుగుతుంది. గ్లాసు అంచుకు చక్కెర అద్దేవారు పాకాన్ని సగానికి తగ్గించుకోవచ్చు.

కాగితపు నిమ్మ వాడితే బ్రాందీ 60, లిక్యూర్ 20, రసం 15, పాకం 5 మి.లీ. ఇంట్లో చేసుకున్న నారింజ లిక్యూర్ వాడితే దాన్ని 25 మి.లీ.కు పెంచి, పాకం పూర్తిగా మానేయండి.

ఇందులో ఎంత ఆల్కహాలు ఉందో ముందుగానే తెలిసి ఉండటం ముఖ్యం, ఎందుకంటే పుల్లగా, తియ్యగా, చల్లగా ఉండటం వల్ల దీని బలం నోటికి తెలియదు. 42.8 శాతం బ్రాందీ 60 మి.లీ., 40 శాతం లిక్యూర్ 20 మి.లీ. కలిస్తే స్వచ్ఛమైన ఆల్కహాలు సుమారు 34 మి.లీ., అంటే దాదాపు 27 గ్రాములు. మన 30 మి.లీ. చిన్న పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఒక్క సైడ్‌కార్ రెండున్నర చిన్న పెగ్గులకు మించినది. సాయంత్రానికి ఒకటి, మహా అయితే రెండు అనే లెక్కతో చేసే పానీయమిది. బండి నడపవలసినవారికి, గర్భిణులకు, మందులు వాడుతూ వైద్యుడిని అడగనివారికి ఇవ్వకూడదు; ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యపానానికి కనీస వయసు 21 ఏళ్ళు. సీసా లైసెన్సు ఉన్న దుకాణంలో, సీలు చూసి కొన్నదై ఉండాలి.

సామాను, ఐసు

స్టీలు షేకర్ ఉంటే మంచిదే. లేకపోతే వెడల్పు మూతి, బిగుతైన మర మూత ఉన్న స్టీలు డబ్బాగాని, మందమైన గాజు సీసాగాని సరిపోతుంది. ఆవకాయ పెట్టిన సీసా మాత్రం వద్దు. ఎన్నిసార్లు తోమినా మూతలోని రబ్బరుకు పట్టిన వాసన వదలదని నేను ఒక సీసా బ్రాందీ ఖర్చుపెట్టి నేర్చుకున్నాను. కొలతకు మి.లీ. గీతలున్న చిన్న కొలత గ్లాసు చాలు; దగ్గు మందు సీసాతో వచ్చే మూతను శుభ్రంగా కడిగి వాడినా 5, 10 మి.లీ.లు కచ్చితంగా వస్తాయి. కంటి అంచనాతో పోస్తే ఈ పానీయం ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. గ్లాసు విషయానికి వస్తే, కాడ ఉండి, నోరు వెడల్పుగా ఉండే 150 మి.లీ. కూప్ గ్లాసు దీనికి సంప్రదాయం. కాడ ఉన్న గాజు ఐస్‌క్రీమ్ కప్పు కూడా అచ్చంగా ఆ పనే చేస్తుంది.

ఐసును ఒక పదార్థంగానే చూడాలి, ఎందుకంటే చివరికి గ్లాసులో దాదాపు పావు వంతు ఆ ఐసు కరిగిన నీరే. ఫ్రీజర్‌లో చేపల పక్కన వారం రోజులు మూతలేకుండా ఉన్న ఐసు ముక్కలకు ఆ వాసన పడుతుంది. ముందురోజు మంచి నీటితో, మూత ఉన్న ట్రేలో, కాస్త పెద్ద ముక్కలుగా గడ్డకట్టించుకోండి. వాడే నిమిషంలోనే బయటికి తీయాలి. బయట ఉండి తడి మెరుపు తేలిన ఐసు గిలక్కొట్టడం మొదలుపెట్టకముందే నీళ్ళు వదులుతుంది, అప్పుడు చల్లదనం రాకముందే పానీయం పలుచబడుతుంది.

కలిపే క్రమం

మొదట గ్లాసును ఫ్రీజర్‌లో పావుగంట ఉంచండి. అంచుకు చక్కెర కావాలంటే గ్లాసును చల్లబరచడానికి ముందే ఆ పని చేయాలి. చక్కెరను మిక్సీలో ఒకటి రెండు సార్లు మాత్రమే తిప్పి, రవ్వకంటె సన్నగా, పిండికంటె ముతకగా చేసుకోండి. నిమ్మ చెక్కతో గ్లాసు అంచు బయటివైపు మాత్రమే, అదీ సగం చుట్టు మాత్రమే తడిపి, గ్లాసును వాల్చి పళ్ళెంలోని చక్కెరలో దొర్లించండి. లోపలివైపు అంటిన చక్కెర పానీయంలో పడి తూకం చెడగొడుతుంది. సగం అంచు వదిలేస్తే తాగేవారు గుక్క గుక్కకూ తీపి కావాలో వద్దో తామే ఎంచుకుంటారు. వానాకాలంలో, అందులోనూ కోస్తా ఊళ్ళలో, ఈ చక్కెర పట్టీ తేమ పీల్చి జారిపోతుంది. ఆ రోజుల్లో నేను దీన్ని మానేస్తాను.

తరువాత షేకర్‌లో ఐసు లేకుండానే ముందుగా నిమ్మరసం, పాకం, లిక్యూర్, చివరగా బ్రాందీ కొలిచి పోయండి. చవకైనవి ముందు, ఖరీదైనది చివర పోయడంలో లౌక్యం ఉంది: కొలత తప్పితే పారబోసేది నిమ్మరసమే అవుతుంది. ఈ దశలో ఒక చెంచా కొనతో రుచి చూడండి. ఐసు తగలకముందు ఇది ఘాటుగా, తీపి ఎక్కువైనట్టు అనిపించాలి. ఇప్పుడే సరిగ్గా ఉందనిపిస్తే, చల్లబడ్డాక పులుపు పైకి తేలుతుందని అర్థం.

ఇప్పుడు షేకర్ మూడు వంతులు నిండేలా ఐసు వేసి, మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని, భుజం ఎత్తున ముందుకూ వెనక్కూ గట్టిగా 12 నుంచి 15 సెకన్లు గిలక్కొట్టండి. ఐసు ఒక చివర నుంచి మరో చివరకు కొట్టుకునే శబ్దం వినిపించాలి. మెల్లగా ఊపితే నీరు చేరుతుంది గాని, గాలి కలవదు. ఈ గాలి బుడగలే పానీయానికి పట్టులాంటి మెత్తదనాన్ని ఇస్తాయి. స్టీలు షేకర్ అయితే బయట మంచులాంటి పొగమసక కమ్మి, చేతులు పట్టుకోలేనంత చల్లబడుతుంది. అదే ఆపవలసిన గుర్తు. ఇంకా కొట్టినంత మాత్రాన పెద్దగా చల్లబడదు, నీరు మాత్రం పెరుగుతుంది. మొదట 105 మి.లీ. ఉన్నది ఇప్పుడు 140 మి.లీ. దాకా అయి ఉంటుంది. గాజు సీసాతో చేసేవారు గుడ్డ చుట్టి పట్టుకోవడం క్షేమం.

ఫ్రీజర్‌లోని గ్లాసు తీసి, దాని మీద టీ వడపోత పట్టుకుని వడగట్టండి. నిమ్మ పీచు, సన్నని ఐసు పలుకులు వడపోతలో ఆగిపోతే పానీయం నునుపుగా, తేనెరంగు ముత్యంలా మెరుస్తూ దిగుతుంది. చివరగా కమలా తొక్కను బొటనవేలంత ముక్క కోసి, రంగు వైపు పానీయానికి ఎదురుగా పెట్టి, రెండు వేళ్ళతో చటుక్కున మడవండి. కంటికి కనిపించని నూనె తుంపర పైన పడుతుంది. మొదటి గుక్కకు ముందు ముక్కుకు తగిలేది అదే. కాగితపు నిమ్మ తొక్క దీనికి మరీ పలుచన, చేదు. బత్తాయి తొక్కలో వాసన తక్కువ. కమలా లేకపోతే పసుపు నిమ్మ తొక్క వాడవచ్చు.

పోసిన పది నిమిషాల్లోపు తాగవలసిన పానీయమిది. వెచ్చబడేకొద్దీ ఆల్కహాలు ఘాటు పైకి వచ్చి, పులుపు విడిపోతుంది.

తేడా వచ్చినప్పుడు

మొదటి గ్లాసు కచ్చితంగా కుదరకపోవచ్చు, కాని దాన్ని చదవగలిగితే రెండవది కుదురుతుంది. దవడలు బిగుసుకునేంత పులుపు ఉంటే తరువాతిసారి రసం తగ్గించవద్దు, ముందుగా పాకాన్ని 2 మి.లీ. పెంచి చూడండి, రసం తగ్గిస్తే పానీయం చప్పబడుతుంది. గొంతులో జిగటగా తీపి మిగిలితే లిక్యూర్ నాసిరకమై ఉంటుంది, పాకం మానేయండి. పులుపూ తీపీ సరిగ్గా ఉండి కూడా నీళ్ళగా అనిపిస్తే ఐసు తడిదన్నమాట. నాలుక చివర చేదు నిలిస్తే కాయను అతిగా పిండారు. అన్నీ బాగుండి బ్రాందీ ఉనికే తెలియకపోతే, ఆ బ్రాందీలో ఉనికి లేదనుకోవాలి. కొలత పెంచినా ఘాటు పెరుగుతుంది తప్ప రుచి పెరగదు.

నలుగురు వచ్చినప్పుడు

ఒక్కొక్క గ్లాసుకూ మూడు సీసాలు తెరిచి కొలుస్తూ కూర్చుంటే ఆతిథ్యం సాగదు. ఆరుగురికి 360 మి.లీ. బ్రాందీ, 120 మి.లీ. లిక్యూర్, 30 మి.లీ. పాకం ముందురోజే ఒక సీసాలో కలిపి ఫ్రీజర్‌లో పెట్టండి. ఆల్కహాలు బలం వల్ల అది గడ్డకట్టదు. నిమ్మరసం మాత్రం అతిథులు వచ్చే గంట ముందు పిండి విడిగా ఉంచాలి. వడ్డించేటప్పుడు ఒక గ్లాసుకు సీసాలోది 85 మి.లీ., రసం 20 మి.లీ. చొప్పున, ఒక్కో దఫాకు రెండు గ్లాసులకు మించకుండా గిలక్కొట్టండి. మూడు గ్లాసులది ఒకేసారి వేస్తే ఐసు కదలడానికి చోటుండదు. సీసా ముందే చల్లబడి ఉంటుంది కనుక ఐసు తక్కువ కరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి గ్లాసుకు 10 మి.లీ. చల్లని నీరు చేర్చండి, లేకపోతే పానీయం మరీ ఘాటుగా ఉంటుంది.

మద్యం ముట్టని అతిథికి అదే గ్లాసులో ఇవ్వగలిగినది ఒకటుంది. పాలు లేని టీని చిక్కగా కాచి చల్లార్చి, 60 మి.లీ. టీకి వోడ్కా కలపని నారింజ పాకం 20 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ. వేసి ఇలాగే గిలక్కొట్టి, కమలా తొక్క తుంపర చల్లండి. టీలోని వగరు, పీపా కర్ర బ్రాందీకి ఇచ్చే వగరుకు దగ్గరగా ఉంటుంది. మాలో ఒకరు బ్రాందీ దానికన్నా దీన్నే రెండోసారి అడిగారు.